టర్కీ మామ కాపాడిన ఎండ

నాది షామియానాల అంగడి. పెళ్లికైనా చావుకైనా గుంజలు పాతి, గుడ్డ కట్టి, జనానికి నీడను బాడుగకు ఇచ్చి బతుకుతుంటాను. కోయిలకుంట్లలో ఈ సరుకుకు గిరాకీ తగ్గిన ఏడాది లేదు. దేవుడు ఎండ పని తన దగ్గర పెట్టుకుని నీడ పని నాకు వదిలేశాడు. ఆయన ఊరికే పంచుతాడు, నేను బాడుగ తీసుకుంటాను. చదువు ఏడో తరగతితో ఆగినా ఆ మాత్రం తెలివి మిగిలింది.

మొన్న జనవరిలో సాయిబుల పెళ్లి తరువాత జరిగే ఒక వలీమా విందుకు పని ఒప్పుకున్నాను. ఈ కాలం పెళ్లికొడుకులకు పందిరి, కుర్చీలు, బిర్యానీ డేగిసాలు చాలవు. ఫొటోలు దిగడానికి వెనకాల పెద్ద ఫ్లెక్సీ ఉండాలి. అందులో కోయిలకుంట్ల తప్ప ప్రపంచంలో ఏ ఊరున్నా ఫరవాలేదు. కర్నూలులో అచ్చు వేయించిన ఆ ఫ్లెక్సీ బస్సులో వచ్చింది. చుట్ట విప్పి అంగడి గోడకు ఆనించి, ఒకసారి చూసి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను.

లోయలో ఒక ఊరు. ఎర్ర పెంకుల కప్పులు, తెల్ల గోడలు, వరసగా చెక్క కిటికీలు. పై అంతస్తులు కింది గోడను దాటి, బాగా తిని లేచిన పెద్దమనిషి పొట్ట మాదిరి వీధిలోకి పొడుచుకొచ్చాయి. గుట్ట మీద గడియారం గోపురం. కప్పుల మీద కొంచెం మంచు.

అంటే టర్కీ మామ చెప్పిందంతా నిజమే.

ఇది నాకు మామూలు నష్టం కాదు. ఆయన మీద ఏళ్ల తరబడి నేను కట్టిన ఎగతాళి మేడ ఒక్క ఫ్లెక్సీ దెబ్బకు కూలింది. మనిషి బతికుండగా ఈ బొమ్మ వచ్చి ఉంటే, నా అంగడి ముందు కుర్చీ వేసుకుని నెలరోజులు లేచేవాడు కాదు. ముందటేడు ఎండాకాలం పోయాడు కాబట్టి నేను బతికిపోయాను.

ఫోన్లో వెతికి ఉంటే అప్పుడే తెలిసేది కదా అని మీరు అడగవచ్చు. తెలిసేదే. తెలిస్తే ఎగతాళికి సరుకు పోయేది. అందుకే ఊరంతా ఫోన్లు పట్టుకుని తిరుగుతూ కూడా ఒక్కడంటే ఒక్కడు వెతకలేదు.

ఆయనకు అసలు పేరొకటి ఉండేది. అది ఆధార్ కార్డు దాటి ఎన్నడూ బయటికి రాలేదు. మాకూ వాళ్లకూ చుట్టరికం లేదు, మతమూ ఒకటి కాదు. మా నాయన ఆయన్ను బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. మా వైపు నుంచీ, కడప వైపు నుంచీ బస్సులు నిండి జనం పోయినట్టే ఆయనా కువైట్‌కు పోయాడు, ఒక సేఠు ఇంట్లో వంటమనిషిగా. అన్నేళ్లు కువైట్‌లో ఉండి వచ్చి, కువైట్ సంగతి అడిగితే ఒకటే మాట: "ఏముండాది ఆడ? ఏసీ ఉండాది." నడుమ ఒకసారి ఆ సేఠుకు టర్కీలో సఫ్రాన్‌బోలు అనే పాత ఊరు నచ్చింది. అక్కడొక పాత ఇల్లు కొని లాడ్జి చేసి, వంటకు మామను తోలాడు. మామ ఆ ఊళ్లో ఉన్నది రెండు చలికాలాలు. మాట్లాడింది మాత్రం చచ్చేదాకా.

ఊరెట్లుంటుంది మామా అని ఎవరైనా నోరు జారితే చాలు. "గండికోట చూసినావా? ఆ లోయలో నీళ్లు తీసేసి అడుగున ఊరు పెట్టు" అని మొదలుపెట్టేవాడు. చలిగాలి తగలకుండా చలికాలం ఇళ్లు లోయలో ఉంటాయట. ఎండాకాలం వస్తే మూటలు కట్టుకుని పైన ద్రాక్షతోటల్లో ఉన్న రెండో ఇంటికి పోతారట. ఎండాకాలానికి వేరే ఇల్లు ఉండడమనే మాట మా ఊళ్లో ఎవరికీ మింగుడుపడలేదు. మేం ఎండాకాలం వస్తే ఉన్న ఇంట్లోనే ఈ గోడ నుంచి ఆ గోడకు జరుగుతాం. అక్కడి వీధులకు ఎగుడుదిగుడు రాళ్లు పరిచి ఉంటాయట. నాపరాళ్ల గనుల మధ్య పుట్టి, నున్నటి బండల మీద పాకి పెరిగిన మాకు వాళ్ల మీద జాలి కలిగింది. రాగిపాత్రలు కొట్టే బజారొకటి, గుమ్మటాల కింద వేడినీళ్ల స్నానశాల ఒకటి, టైము తప్పని గడియారం ఒకటి. టైము తప్పని గడియారం అన్నప్పుడే మాకు అనుమానం గట్టిపడింది.

ఆ ఊరి చుట్టూ కుంకుమపువ్వు పండుతుందట. తిరిగొచ్చిన కొత్తలో మామ శనగ రైతులను బజారులో నిలబెట్టి కుంకుమపువ్వు వేయమని బోధించేవాడు. నల్లరేగడిలో శనగకే తడి చాలక ఆకాశం చూసే మనుషులు, ఆ మాటకు బదులు చెప్పలేక ఆయన తల మీది టోపీని చూసేవాళ్లు.

ఆ టోపీ ఉన్నిది. మే నెలలో కాకులు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చునే వేళ, దాన్ని చెవుల దాకా లాక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని, మంచు మీద జారిపోతాననే భయం ఉన్నట్టు అడుగులు ఆచితూచి వేస్తూ వచ్చేవాడు. చెమట కారుతోంది మామా అంటే, "కారనీలే అల్లుడూ, లోపల చల్లగుండాది" అనేవాడు. నిజానికి ఆయన లోపల ఇంకా ఆ చలికాలాలు రెండూ జరుగుతూ ఉండేవి. మనిషిని విమానం తెచ్చి హైదరాబాదులో దించింది గానీ వాతావరణాన్ని దించడం మరిచిపోయింది.

టీ తాగడానికి నడుము సన్నటి గాజు గ్లాసులు తెచ్చుకున్నాడు. అందులో పాలు పడకూడదు. అంచును రెండు వేళ్లతో పట్టుకోవాలి. మేం తాగే టీని ఆయన పాయసం అనేవాడు. అత్త, అంటే ఆయన భార్య, ఆయన తాగే దాన్ని కషాయం అనేది. ఆ నల్లనీళ్లు తన చేత్తో కాచేది లేదని ఒట్టు పెట్టుకుంది. కాబట్టి మామ టీ మామే కాచుకునేవాడు. అక్కడి మిఠాయి అని ఒక రంజాను పండక్కి చక్కెర, మొక్కజొన్న పిండి, గులాబీ పన్నీరు కలిపి ఉడికించి, ముక్కలు కోసి వీధంతా పంచాడు. పక్కింటి రెడ్డి ఒక ముక్క నోట్లో వేసుకుని పొద్దుగూకేదాకా నోరు తెరవలేకపోయాడు. రెడ్డి భార్య ఆ మిఠాయి ఇంకొంచెం ఉంటే పంపించమని కబురు చేసింది.

అన్నిటికన్నా వింత, గోడలో తిరిగే అలమర. ఆ ఊరి పాత ఇళ్లలో ఉంటుందట. వంటింట్లో ఆడవాళ్లు పళ్లెం అందులో పెట్టి తిప్పితే, గోడకు ఇవతల మగవాళ్లు కూర్చున్న గదిలోకి పళ్లెం వస్తుంది. మనిషికి మనిషి కనబడడు. మామ వడ్రంగి పక్కన నిలబడి, గాలిలో చేతులు గిరగిరా తిప్పి చూపించి అలాంటిది చేయించాడు. అది తిరిగినప్పుడల్లా నూనె లేని గానుగ మాదిరి కిర్రుమనేది. అత్త కొన్నాళ్లు తిట్టింది. తరువాత అందులో ఉన్న సుఖం కనిపెట్టింది. దాంతో నోరు తెరవకుండా తిట్టవచ్చు. మామ కథ లాగుతూ ఉంటే అలమర కిర్రున తిరిగి, బోర్లించిన ఖాళీ గ్లాసులు వచ్చేవి. మేం లేచి చెప్పులు వేసుకునేవాళ్లం. ఒకసారి చీపురు వచ్చింది. అది మాకు కాదని మామే ఒప్పుకున్నాడు.

ఇన్ని చెప్పినా ఆయన అసలు కథ ఇవేవీ కావు. ఆయన అసలు కథ కుర్చీ కథ. దాన్ని చెప్పడానికి మాటలు చాలవు. నా అంగడిలోని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కావాలి.

సఫ్రాన్‌బోలులో సేఠు ఇంటి పక్కన ఒక ముసలామె. చలికాలం ఆ లోయలోకి ఎండ దిగేదే కొంచెంసేపు. ఆమె ముంగిట్లో గోడ పక్కన ఎండ పడగానే కుర్చీ తెచ్చి వేసుకుంటుంది. ఎండ జరిగితే కుర్చీ జరుపుతుంది. ఎండ గోడ మూలకు పోయి ఆరిపోయాక కుర్చీ ఎత్తుకుని లోపలికి పోతుంది. సేఠు తన ఇంటి మీద ఇంకో గది లేపుదామనుకున్నాడు. ఒక ఇల్లు ఇంకో ఇంటి ఎండకూ చూపుకూ అడ్డం నిలబడకూడదని ఆ ఊరి కట్టడి. కిటికీలన్నీ అందుకే అట్లా ఒకదాన్నొకటి తప్పించుకుని ఉంటాయి. ముసలామెను మంచి చేసుకుంటే పనవుతుందేమోనని సేఠు పళ్లెం నిండా హల్వా పెట్టించి మామను పంపాడు. ఆమె మాట మామకు రాదు. మామ మాట ఆమెకు రాదు. ఆమె హల్వా తీసుకుని, నల్ల టీ ఇచ్చి, తన పక్కన ఎండలో ఇంకో కుర్చీ వేసింది. మామ కూర్చున్నాడు. కొంతసేపటికి ఎండ జరిగింది. ఆమె తన కుర్చీ జరుపుకుని, నువ్వూ జరుపుకో అని చేత్తో సైగ చేసింది.

ఇక్కడ మామ లేచి నిలబడి నా కుర్చీని బండల మీద కొంచెం లాగి కూర్చునేవాడు. మళ్లీ లేచి ఇంకొంచెం లాగేవాడు. బర్రుమని చప్పుడు. అట్లా అంగడి ఈ మూల నుంచి ఆ మూల దాకా, మాట లేకుండా. బాడుగ కుర్చీ కాళ్లు అరుగుతున్నాయి మామా అని నేను మొత్తుకునేవాణ్ణి. ఆ మూలకు చేరాక కళ్లు మూసుకుని, ముఖం పైకెత్తి, కాసేపు అట్లాగే ఉండేవాడు. పైన నా అంగడి రేకులు కాలుతుండేవి.

ముసలామె దగ్గర్నుంచి తిరిగిపోయి, ఈ పని మంచిది కాదు సేఠూ అని చెప్పాడట. సేఠు వంటమనిషి దగ్గర సలహా తీసుకునే అలవాటు లేనివాడు. ఆ వారంలోనే మామను కువైట్ వంటింటికి తిరిగి తోలేశాడు. రాయబారానికి పోయి కుర్చీ లాక్కుని వచ్చినవాడు నువ్వే మామా అని మేం నవ్వేవాళ్లం. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు మాత్రం ఎందుకో ఉన్ని టోపీ కిందికి పోయేది.

కథగా ఉన్నంతకాలం ఇది మాకు ఖర్చులేని వినోదం. ఇంటి మీదికి వచ్చాక సంగతి మారింది.

మామకు ఒక్కడే కొడుకు. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్నాడు. పెళ్లయి, పాప పుట్టింది. ఉన్నవి రెండు గదులు, వాటిలో ఒకదాని గోడకు ఆ తిరిగే అలమర. మిద్దె మీద పైన రెండు గదులు వేసుకుంటానని కొడుకు అడిగాడు. న్యాయమైన కోరిక. మేస్త్రీ సిద్ధం, రాయి సిద్ధం, కోడలు గోడలకు వేసే రంగు కూడా ఎంచిపెట్టుకుంది. మామ ఒప్పుకోలేదు. కారణం, రెడ్డి ఎండ.

మామ ఇల్లు తూర్పున, రెడ్డి ఇల్లు పడమట. పొద్దున సూర్యుడు మామ మిద్దె మీదుగానే రెడ్డి ముంగిట్లోకి దిగాలి. పైన గదులు లేస్తే ఆ ఎండ పోతుంది. ఈ మాట విన్నవాళ్లు కాసేపు ఆగి, ఇది టర్కీ కాదు, కోయిలకుంట్ల అని గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. ఇక్కడ ఎండ పోయిందని ఏడ్చినవాడు ఇంతవరకు పుట్టలేదు. రెడ్డి అయితే ఆ ఎండతో పుట్టినప్పటి నుంచీ వ్యాజ్యం ఆడుతున్న మనిషి. ఏప్రిల్ వస్తే పొద్దెక్కకముందే ఆయన ముంగిలి పెనం మాదిరి కాలుతుంది. కట్టేసిన పాడి ఎనుములు నాలుకలు బయటపెడతాయి. మామ కొడుకు మేడ లేపుతాడని విని ఆయన చుట్టాలకు కూడా చెప్పుకున్నాడు.

ఒక మే నెల పొద్దున మామ ఇంట్లో పంచాయితీ కూర్చుంది. కొడుకు, రెడ్డి, నేను. నీడ వ్యాపారంలో అనుభవం ఉన్నవాడినని నన్ను పెద్దమనిషిని చేశారు. మామ టోపీ పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ముందు రెడ్డే బతిమాలుకున్నాడు.

"సాయిబూ, నా ఎండ నాకొద్దప్పా. నువ్వే తీసుకో. రెండు గదులు కాదు, నాలుగంతస్తులు లేపు. మా ఎనుములు నీ పేరు చెప్పుకోని పండుకుంటాయి."

"నువ్విప్పుడు మే నెల నోటితో మాట్లాడతాండావు రెడ్డీ" అన్నాడు మామ. "చలికాలం నోరు నీకింకా రాలేదు."

"కోయిలకుంట్లలో చలికాలం యాడిదప్పా? నాలుగు పొద్దులు చుట్టం మాదిరి వచ్చి పోతాది."

"ఆ నాలుగు పొద్దుల మాటే నేను చెప్తాండేది. ముసిలోనివి అయినాక అవి శానా పొడుగుంటాయి."

అంతగా కావాలంటే చలికాలంలో రెడ్డికి నేను ఎండ షామియానా వేయిస్తాలే మామా అని నేను ఒక జోకు వేశాను. రెడ్డి తొడ చరుచుకుని నవ్వాడు. కొడుకు నవ్వలేదు. వాడు నేల వైపు చూస్తూ నెమ్మదిగా అడిగాడు.

"నాయనా, ఎండ ఎవురిదో ఆయప్పే వద్దంటాండాడు. మధ్యలో నీకేమి? నీ కొడుకును నేనా, ఆ ఎండా?"

మామ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆయన తిరిగొచ్చాక ఆ తలను నేను చూడడం అదే మొదటిసారి. వెంట్రుకలు చెమటకు అతుక్కుపోయి, తడిసిన కోడిపిల్ల మాదిరి ఉంది. అప్పుడు గోడలో అలమర కిర్రుమని తిరిగింది. ఖాళీ గ్లాసులు వస్తాయని నేను చెప్పుల కోసం చూసుకున్నాను. ఖాళీ గ్లాసులు రాలేదు. నడుము సన్నటి గ్లాసు ఒక్కటే వచ్చింది. అందులో పాలు లేని నల్ల టీ. ఆవిరి వస్తోంది.

వంటింట్లో అత్త తప్ప ఎవరూ లేరు. ఒట్టు తప్పి ఆ టీ ఎవరు కాచారో, ఎందుకు కాచారో మా అందరికన్నా ముందు కొడుక్కే తెలిసింది. మామ రెండు వేళ్లతో అంచు పట్టుకుని గ్లాసు తీసుకునేలోపల వాడు లేచి బయటికి పోయాడు. ఆ సాయంత్రం పెట్టెలు, పాప ఉయ్యాల ఆటోకెక్కించుకుని, పెళ్లాంతో పాటు అదే ఊళ్లో ఉన్న అత్తగారింటికి మారిపోయాడు.

కొడుకును ఇచ్చి ఎండ కొన్నాడు అని ఊరు పేరు పెట్టింది. ఎవరూ అడగని ఎండ, ఎవరికీ అక్కర్లేని ఎండ, ముందు రెడ్డికే అక్కర్లేని ఎండ. మామ పొద్దున్నే బజారుకు పోయి, కొడుకు అంగడికి ఎదురుగా రోడ్డు అవతల నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని రీచార్జి బోర్డు చదివేవాడు. ఆ బోర్డు అంత శ్రద్ధగా చదివిన మనిషి మా ఊళ్లో ఇంకొకడు లేడు. కొంతసేపటికి కొడుకు ఏమీ ఎరగనట్టు పాపను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. పాపకు అక్కడి నుంచే టోపీ చూపించి ఆడించి మామ తిరిగొచ్చేవాడు. తండ్రీకొడుకుల మధ్యలో బస్సులు పోతుండేవి. తిరిగొచ్చి నా అంగడిలో కూర్చుని, ఆ ఊర్లో అయితే పిల్లోల్లకు మంచులో జారే చెక్కబండ్లు ఉంటాయి అల్లుడూ అని మొదలుపెట్టేవాడు.

ముందటేడు మే నెలలో, మధ్యాహ్నం నిద్రలో పోయాడు. ఎండ నెత్తిన పేలుతోంది. షామియానా తీసుకుని నేనే పోయాను. వచ్చిన జనానికి వీధి చాలలేదు. పందిరి సాగదీస్తే తప్ప లాభం లేదు. సాగదీస్తే గుంజలు రెడ్డి ముంగిట్లో పడతాయి. నేను గడ్డపార పట్టుకుని అక్కడే ఆగిపోయాను. మామ బతికుండగా ఆ గడప దాటి గుడ్డ పీలిక నీడ కూడా పడనివ్వలేదు. రెడ్డి వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"పాతప్పా" అన్నాడు. "ఇంగ అడ్డం చెప్పేటోడు యాడుండాడు."

గుంజ పాతాను. మామ ఇంటి పందిరి నీడ మొదటిసారి రెడ్డి ముంగిట్లో పడింది. రెడ్డి పోయి ఆ నీడలో, అందరికన్నా వెనకాల, మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నాడు. ఎనుములు మాత్రం సంతోషంగా పండుకున్నాయి.

నలభయ్యో దినం అయిపోయాక కొడుకు పెళ్లాన్నీ పిల్లనూ తీసుకుని తిరిగొచ్చాడు. మేడ మాట తల్లి దగ్గర ఎత్తడానికి భయపడి నన్ను తోడు తీసుకుపోయాడు. అత్త మా ఇద్దరి ముఖాలూ చూసి, మేం నోరు తెరవకముందే చెప్పింది: "ఆయప్ప ఉన్నన్నాళ్లు ఆయప్ప మాట. ఇప్పుడు నాకు నువ్వు కావాల. కట్టుకో." ఒక్క షరతు పెట్టింది. తిరిగే అలమర మీద చెయ్యి వేయకూడదు. మేడ పని జరిగినన్నాళ్లు కూలీలకు టీ అందులోంచే వచ్చేది.

అందరికన్నా సంబరపడింది రెడ్డి. తన బోరు నీళ్లిచ్చాడు, ఇసుక పోసుకోవడానికి తన ముంగిలి ఇచ్చాడు. పోయిన ఉగాదికి మేడ లేచింది. ఎండాకాలమంతా రెడ్డి పొద్దున్నే ఆ నీడలో మంచం వేసుకుని, కాళ్లు చాపుకుని, వచ్చేపోయే వాళ్లకు మజ్జిగ పోసి, సాయిబు కొడుకు దేవుడప్పా అని చెప్పుకున్నాడు. ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యం గెలిచిన మనిషి ముఖం ఆయనది.

తరువాత చలికాలం వచ్చింది. రెడ్డి చెప్పినట్టు నాలుగు పొద్దుల చుట్టమే. ఈసారి ఆ చుట్టం నేరుగా ఆయన మోకాళ్లలో దిగింది. రాత్రంతా గుంజిన కాళ్లను పొద్దున ఎండలో పెడదామని ముంగిట్లోకి వస్తే, ముంగిలి నిండా నీడ, నీళ్లు చల్లినట్టు చల్లటి బండలు. మేడ దాటి ఎండ దిగేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆ ఎండ ఒంటికి పనికిరాదు. పొద్దుటి నీరెండే కావాలి. అది ఇప్పుడు మేడ మీద కోడలు ఆరేసిన చీరల మీద పడుతోంది.

ఇవన్నీ ఆయన నాతో చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఆయనకు ముఖం లేదు. ఒక పొద్దున రెడ్డి ఇంటి ఎదురు వరసలోని నా అంగడి తలుపు తీస్తుంటే వీధిలోంచి బర్రుమని చప్పుడు వినిపించింది. ఆగింది. కొంతసేపటికి మళ్లీ బర్రుమంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, నా కుర్చీలు అరిగిపోయింది ఆ చప్పుడుకే. తొంగిచూస్తే రెడ్డి. ఎప్పుడో ఏదో ఫంక్షనుకు తీసుకుని తిరిగివ్వని నా ప్లాస్టిక్ కుర్చీ ఆయన చేతిలో. రెండిళ్ల మధ్య సందులోంచి వీధిలో పడిన ఎండ చీలికలో కూర్చున్నాడు. చీలిక జరిగితే కుర్చీ జరిపాడు. అట్లా జరుపుకుంటూ వీధి దాటి, నాకు దండం పెట్టి, నా అంగడి అరుగు ముందరికి చేరాడు. అక్కడ ముఖం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే అదే వరస. ఎండ షామియానా గురించి ఆయన నన్ను అడగలేదు. నేను వేసిన జోకు ఇద్దరికీ గుర్తుంది.

వలీమా విందు అయిపోయింది. బొమ్మ ముందు ఊరివాళ్లంతా ఫొటోలు దిగారు. మామ కొడుకు కూడా పాపతో వచ్చి దిగాడు. ఆ ఊరు ఏదో వాడికి తెలిసిందో లేదో నేను అడగలేదు. ఒకటే చూశాను. ఫొటో తీసేవాడు నవ్వమన్నా నవ్వకుండా, వెనక్కి తిరిగి గడియారం గోపురం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఫ్లెక్సీ నా దగ్గరే ఉండిపోయింది.

మరునాటి పొద్దున రెడ్డి కుర్చీ చప్పుడు నా అరుగు దాకా వచ్చి ఆగగానే, నేను ఆ ఫ్లెక్సీ చుట్ట తీసుకుని ఆయన ముందు నిలబడి, రెండు చేతులూ చాచినంత మేర విప్పి పట్టుకున్నాను. రెడ్డి కళ్లు తెరిచాడు.

"సాయిబు ఊరా ఇది?"

"అదే."

"గడియారం ఉండాదే."

"ఉండాది."

ఆయన బొమ్మను కింది వీధి నుంచి పై కప్పుల దాకా, తప్పు దొరుకుతుందేమోనని వెతుకుతున్నట్టు చూశాడు. ఒక్కో ఇంటినీ వేలితో తాకాడు. మోకాళ్ల మీద చేతులు రుద్దుకున్నాడు.

"ఒకని మీద ఒకడు పడకుండా కట్టుకున్యారు" అన్నాడు.

నేనింకా ఏదో అంటాడని అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. మామ గురించి ఒక మంచి మాట ఆయన నోట వస్తే, నష్టపోయిన నా ఎగతాళికి కొంత పరిహారం దొరుకుతుందని ఆశ. రెడ్డి చలికి భుజాలు ముడుచుకున్నాడు.

"చూస్తిలే. కొంచెం పక్కకు జరుగప్పా, ఎండకు అడ్డమొస్తాండావు."

ఊరిని చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని పక్కకు జరిగాను.